భుజం మీద చెయ్యి

"ఆ చెయ్యి కూడా తీసెయ్యవే," అంది వీరరాఘవమ్మ మళ్ళీ.

"తీస్తే నాన్న భుజం పోద్ది నానమ్మా. ఇందాకట్నుంచీ అదే చెప్తున్నాను కదా," అంది చాందిని ఫోను మీంచి తలెత్తకుండా.

"పోతే పోయింది. వెతికేవాళ్ళకి ముఖం కావాలి గానీ భుజంతో పనేంటి?"

"ఉన్న ఫోటో ఉన్నట్టు ఇచ్చేద్దామండి అత్తయ్యగారూ," అంది పద్మప్రియ. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో మామగారి మందులు సంచిలో సర్దుతోంది. "పక్కన ఎవరుంటే ఏమైంది?"

"ఏమైందా? వెతకాల్సింది నా కొడుకునా, సూరమ్మనా?"

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న కోదండరామయ్య విసుక్కున్నాడు. "కారొచ్చి ఎంతసేపైంది? ఆ చెయ్యి సంగతి దార్లో తేల్చుకోండి."

క్రాంతి కుమార్‌కి ఇంట్లో ఫోటోలు లేక కాదు. పెళ్ళి ఫోటోలున్నాయి, చాందిని ఓణీల ఫంక్షన్‌వి ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఎవరో వెనక నిలబడి కదలొద్దని చెప్పినట్టు బిగుసుకుపోయి ఉంటాడు. ముఖం తిన్నగా, దగ్గరగా, నవ్వుతూ పడింది ఇదొక్కటే. మొన్న వేసవిలో చేపల పట్టుబడి రోజున చెరువు గట్టు మీద ఎవరో తీశారు. పక్కన చెరువుల దగ్గరే ఉండే సూరమ్మ మడమలెత్తి నిలబడి, అతని భుజం మీద చెయ్యి వేసి ఉంది. కన్నతల్లి ఇంట్లో నవ్వని ముఖం ఆ గట్టు మీద అంత విప్పారిపోవడమే వీరరాఘవమ్మకి మింగుడు పడలేదు.

చివరికి సూరమ్మ ముఖం పోయింది, చీర పోయింది. క్రాంతి భుజం మీద ఎండకి కాగిన నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి. తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులో స్టూడియోవాడు ఫోటో ప్రింటు చేసి ఇస్తూ, "ఈ వేళ్ళు తీసెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు. కోదండరామయ్య భార్య నోరు తెరవకముందే, "వద్దు బాబూ, ఉండనీ," అన్నాడు.

వాళ్ళ చెరువులు మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఉన్నాయి. పిల్ల చదువుకోసం కాపురం గూడెం మార్చినా, క్రాంతి సగం రోజులు అక్కడే ఉండేవాడు. ఆ సెప్టెంబరులో పైన కురిసిన వానలకి వాగులన్నీ ఒక్కసారే దిగాయి. బుడమేరు నీళ్ళూ వచ్చి కలిసేసరికి కొల్లేరు పొంగింది. అలాంటప్పుడు చెరువులవాళ్ళు గట్టు చుట్టూ కర్రలు పాతి వల నిలబెడతారు. నీళ్ళు గట్టు పొర్లినా చేప పోకుండా అది ఆపుతుంది. "వల కడుతున్నామే, మళ్ళీ చేస్తాను," అని పద్మప్రియకి ఫోను చేసి చెప్పాడు. ఆ తర్వాత గండి పడిందని కబురొచ్చింది గానీ అతని కబురు రాలేదు. ఏ ఊళ్ళోనో చిక్కుకుని ఉంటాడనుకున్నారు. సిగ్నల్ లేక చెయ్యలేదనుకున్నారు. రోడ్లు తేలేదాకా అలా అనుకుంటూనే ఉన్నారు.

ఏలూరు మీదుగా కైకలూరు వెళ్ళే రోడ్డు ఇంకా నీళ్ళలోనే ఉంది. అందుకని భీమవరం, ఆకివీడు చుట్టూ తిరిగి మండవల్లి చేరారు. మండల ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని, వరదలో తప్పిపోయినవాళ్ళ వివరాలు రాసుకుంటున్నారు. బల్ల వెనక జగ్గారావు అనే రెవెన్యూ ఉద్యోగి గొంతు బొంగురుపోయి ఉన్నాడు.

వీరరాఘవమ్మ కొడుకు పేరు, చెరువుల పేరు చెప్పింది.

"చెరువుల బాబీగారాండీ?" అన్నాడు జగ్గారావు. "ఆయన పేరు ఎక్కేసిందండి. వాళ్ళమ్మగారు వచ్చి చెప్పి వెళ్ళారు."

"ఏ అమ్మగారు?"

అతను రిజిస్టరు తిరగేసి చూశాడు. "సూరమ్మగారనండి. ఇక్కడ హైస్కూల్లో పునరావాస కేంద్రంలో ఉన్నారు."

వీరరాఘవమ్మకి చెవులు వేడెక్కాయి. వెనక నిలబడ్డవాళ్ళు వింటున్నారు. "వాళ్ళమ్మని నేనండీ," అంది. "కన్నతల్లిని. ఇప్పుడేగా వచ్చాను!"

జగ్గారావు ఆమె వంకా, పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ కోదండరామయ్య వంకా చూశాడు. "అలాగా అండీ. అయితే ఆవిడేమవుతారు?"

వీరరాఘవమ్మ సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

"సరేనండి, ఆవిడ చెప్పింది చదువుతాను. తప్పులుంటే చెప్పండి. ఒకరికే రెండు రిపోర్టులుంటే పైవాళ్ళు మమ్మల్ని అడుగుతారు. కన్నతల్లి మీరు కాబట్టి, మీరు చెప్పిందే ఉంచుతాను." చదవసాగాడు. "పేరు బాబీ."

"క్రాంతి కుమార్ అని రాయండి."

"వీపు మీద, ఎడమ పక్క పుట్టుమచ్చ."

అది నిజమే. ఊఁ అనడానికి కూడా ఆమెకి మనసొప్పలేదు. తలూపింది.

"గళ్ళ చొక్కా, పాతది."

"మావాడు గళ్ళ చొక్కాలు తొడగడండి. నీలం చొక్కా వేసుకెళ్ళాడు. ఇస్త్రీ చేసి నేనే చేతికిచ్చాను."

"గళ్ళ చొక్కా ఆవిడే ఇచ్చానని చెప్పిందండి. తడిసిపోయి వస్తే, చనిపోయిన వాళ్ళాయన యోసేపుది..."

"నీలం చొక్కా," అంది వీరరాఘవమ్మ. తన కొడుకు తను ఇచ్చిన చొక్కా విప్పి ఎవరిదో పోయినవాడి చొక్కా తొడుక్కున్నాడన్న మాట ఆమెకి రాయి విసిరినట్టు తగిలింది.

"మార్చానండి. మొలతాడుకి చిన్న వెండి శిలువ."

ఈసారి ఆమె గొంతు వరండా చివరిదాకా వినపడింది. "శిలువేంటండీ మా అబ్బాయికి? మా ఇంట్లో ఎవరికుంది శిలువ? కొట్టెయ్యండి ముందు."

"ఒకవేళ ఉందేమోనే," అని నసిగాడు కోదండరామయ్య.

"నా బిడ్డ ఒంటి మీద ఏముందో నాకు తెలీదా?"

జగ్గారావు కొట్టేశాడు. ఫోను నంబరు దగ్గర చర్చి పాస్టరుగారిది తీసేసి వీరరాఘవమ్మది పెట్టాడు. ఫోటో అతికిస్తూ ఒక్క క్షణం ఆ వేళ్ళ దగ్గర ఆగాడు గానీ ఏమీ అడగలేదు.

వాళ్ళు గేటు దాటుతుండగా సూరమ్మ హైస్కూలు వైపునుంచి దాదాపు పరుగున వచ్చింది. చీర కుచ్చెళ్ళకి బురద ఎండిపోయి ఉంది. "అమ్మగారూ, వచ్చారా! అయ్యగారండీ!" అంటూ వీరరాఘవమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

వీరరాఘవమ్మ పైట సర్దుకుంటున్నట్టు చెయ్యి తీసేసుకుంది. "నిన్నెవరు రిపోర్టు ఇమ్మన్నారు?"

"ఎవరో ఒకరు చెప్పకపోతే ఎలాగండీ? దారి లేదు. నా ఫోను నీళ్ళలో పోయింది. మీరు వచ్చేదాకా ఆగితే బాబీ..."

"తల్లినని చెప్పావంట."

"చెప్పలేదండీ. నువ్వేమవుతావని అడిగారు. ఏమవుతానో నాకు నోట రాలేదు. ఏడుస్తుంటే ఆయనే రాసుకున్నాడు."

"ఇప్పుడు సరిచేయించానులే," అంది వీరరాఘవమ్మ, కారెక్కుతూ.

తిరుగు దారంతా ఆమె కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చుంది. చేలు, చెరువులు, డొంకలు అన్నీ ఒకటే మట్టిరంగులో ఉన్నాయి. క్రాంతి పుట్టినప్పుడు ఆమెకి విషజ్వరం వచ్చింది. మనిషి దక్కడమే కష్టమన్నారు, పాలివ్వొద్దన్నారు. ఆ వారంలోనే వాళ్ళ పశువులపాకలో పనిచేసే సూరమ్మకి బిడ్డ పుట్టి పోయాడు. అత్తగారు సూరమ్మని పిలిచి పసివాణ్ణి ఒళ్ళో పెట్టింది. వీరరాఘవమ్మ లేచి తిరిగేసరికి బిడ్డకి మెడ నిలిచింది, బోర్లాపడుతున్నాడు. ఆశగా ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చాడు. పాకలోంచి సూరమ్మ "బాబీ" అంటే చాలు, ఏడుపాపి అటు చెయ్యి చాచాడు. ఆ చాచిన చెయ్యి ఆమెకి ఇప్పటికీ కనిపిస్తుంది. బిడ్డని పోగొట్టుకున్న మనిషి మీద ఇంత కడుపుమంట తప్పని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారలేదు.

అయిదేళ్ళప్పుడు క్రాంతికి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. తగ్గాక సూరమ్మ ప్రార్థన చేయించి మొలతాడుకి వెండి శిలువ కట్టింది. వీరరాఘవమ్మ ఆ రోజే కత్తెరతో తెంపి కాలవలో పారేసింది. పిల్లాడు ఆ పూట అన్నం తినలేదు. అక్కడితో అయిపోయిందనే ఇన్నాళ్ళూ అనుకుంది. కానీ వాడు పెద్దవాడై చెరువులకి వెళ్ళడం మొదలుపెట్టాక, తను తెల్లవారుజామునే లేచి కట్టిన క్యారేజీ సగం అలాగే తిరిగొచ్చేది. "ఎండకి ఆకలెయ్యలేదమ్మా," అనేవాడు. చేతులకి మాత్రం చేపల పులుసు వాసన వచ్చేది.

మర్నాడు పొద్దున్న వీరరాఘవమ్మ ఫోను మోగింది. కంట్రోల్ రూమ్ నుంచి ఒక ఆడపిల్ల. "మీ అబ్బాయి కోసం రిపోర్టిచ్చారు కదండీ. ఏలూరు పెద్దాసుపత్రిలో వివరాలు తెలియని ఒకాయన ఉన్నారు. అవతలి గట్టు పల్లెవాళ్ళు పడవలో తెచ్చారట. తలకి దెబ్బ, ముఖం బాగా వాచింది, స్పృహ వచ్చి పోతోంది. వయసు మీరు చెప్పినంతే ఉంటుందండి. కానీ మీ రిపోర్టుతో మిగతావి కలవట్లేదు. ఎందుకైనా మంచిదని అడుగుతున్నాను. పాత గళ్ళ చొక్కా..."

"ఊఁ."

"మొలతాడుకి వెండి శిలువ ఉందండి. క్రిస్టియన్స్ అయ్యుంటారని ఇక్కడి చర్చిలకి కబురు పంపుతున్నారు."

గళ్ళ చొక్కా అన్నప్పుడే వీరరాఘవమ్మకి నిన్న జగ్గారావు చదివింది గుర్తొచ్చింది. అయినా ఆమె నోరు తన దారిన తాను మాట్లాడింది. "మావాడు కాదమ్మా. మాకు శిలువలేంటి? వాళ్ళవాళ్ళెవరో వస్తార్లే."

ఫోను పెట్టేసింది. పద్మప్రియ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరండీ?"

"ఎవరో. ఏలూరులో ఎవరో ఉన్నాడంట. మనవాడు కాదు."

"శిలువలంటున్నారు?"

"అతని మొలతాడుకి ఉందంట. సూరమ్మ కూడా వీడికి ఉందని రాయించింది, నేను కొట్టించాను. ఎక్కడి చోద్యం..."

పద్మప్రియ ముఖంలో రంగు మారిపోయింది. "కొట్టించారా?" అంది. "అత్తయ్యగారూ, అది ఉందండి."

"ఏది?"

"శిలువండి. పెళ్ళైన కొత్తలోనే చూశాను. 'అమ్మకి చెప్పకు, బాధపడుద్ది' అన్నారు. మొలతాడు మార్చినప్పుడల్లా ఆయనే తీసి కొత్తదానికి కట్టుకుంటారండి."

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. కోడలికి తెలుసు. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉంటూ ఆమె నోరు విప్పలేదు. చాందినికి కూడా తెలుసేమో. కొడుకు ఒంటి మీద ఏముందో తెలియనిది తనొక్కతికే. ముందు అది గుచ్చుకుంది వీరరాఘవమ్మకి. ఆ తర్వాతే, కొడుకు దొరికాడన్న సంగతి గుండెలోకి దిగింది. దొరికినవాణ్ణి ఇప్పుడే తన నోటితో కాదన్నానన్నది దాని వెనకే దిగింది.

"ఫోను ఇటివ్వండి," అంది పద్మప్రియ. పెళ్ళయ్యాక అత్తగారితో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

"ఉండు. నేనే చేస్తాను."

రిపోర్టు రసీదు మీదున్న జగ్గారావు నంబరు చాందిని కలిపి ఇచ్చింది. "బాబూ, క్రాంతి కుమార్... చెరువుల బాబీ వాళ్ళమ్మని," అంది వీరరాఘవమ్మ. "నిన్న నేను మార్పించినవన్నీ తప్పు. సూరమ్మ చెప్పిందే నిజం. గళ్ళ చొక్కా, శిలువ, అన్నీ. ఏలూరులో ఉన్నది మా అబ్బాయే, ఆసుపత్రికి చెప్పండి, మేం బయల్దేరుతున్నాం." కాస్త ఆగి, "సూరమ్మకి కూడా కబురు చెప్పండి," అంది. ఆ ఆఖరి మాటకే ఎక్కువ ఊపిరి పట్టింది.

ఆసుపత్రిలో అతన్ని ముఖం చూసి గుర్తుపట్టడం కష్టమే అయింది. కళ్ళు పూడుకుపోయాయి, తల చుట్టూ కట్టు. పద్మప్రియ పాదాలు పట్టుకుని ఏడ్చింది. వీరరాఘవమ్మ వీపు కిందకి చెయ్యి పోనిచ్చి, ఎడమ పక్క పుట్టుమచ్చ తడిమి చూసుకుంది.

"తల్లి ఎవరండీ?" అంది నర్సు.

"నేనే," అంది వీరరాఘవమ్మ, పక్కన వేరెవరో ఉన్నట్టు గబుక్కున.

"ఇది మీ దగ్గరుంచండి. స్కానింగ్‌కి తీశాం. తీస్తుంటే ఈయన స్పృహ లేకుండానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. విడిపించడానికి ఇద్దరం కావాల్సొచ్చింది." నర్సు ఒక ప్లాస్టిక్ కవరు చేతికిచ్చింది. అందులో తెగిన మొలతాడు, గోరంత వెండి శిలువ. అంచులు అరిగి నున్నబడ్డాయి. ఎంతకాలంనుంచి ఉందో ఆ అరుగుదల చూస్తేనే తెలుస్తోంది. ఆమె కవరు పిడికిట్లో మూసుకుంది. కిటికీ పక్కనే చెత్తబుట్ట ఉంది. దాని వంక చూసి, చూసినందుకు తనమీద తనకే అసహ్యం వేసి, తల తిప్పుకుంది.

మధ్యాహ్నం దాటాక సూరమ్మ వచ్చింది. పాస్టరుగారు మోటారు సైకిలు మీద, అదే చుట్టుదారిన తీసుకొచ్చారు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, మంచం మీద మనిషిని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపలికి రమ్మని ఎవరైనా అంటారేమోనని అందరి ముఖాలూ చూసింది.

"రా," అంది వీరరాఘవమ్మ.

సరిగ్గా అప్పుడే అతను మూలిగాడు. "అమ్మా" అన్నట్టుంది.

"పొద్దుట్నుంచీ అదే పిలుపండి," అంది నర్సు సెలైను సరిచేస్తూ.

వీరరాఘవమ్మ ముందుకు వంగబోయి ఆగింది. ఏ అమ్మ? ఆమె కళ్ళు తనకి తెలియకుండానే సూరమ్మ మీదికి వెళ్ళాయి.

సూరమ్మకి అర్థమైంది. "మిమ్మల్నేనండి," అంది మెల్లగా. "నన్నెప్పుడూ అలా అనలేదండీ బాబీ. చిన్నప్పుడు అనబోతే నేనే వద్దన్నాను."

ఆ మాట నిజమో, తన కోసం అల్లిందో వీరరాఘవమ్మకి తెలియలేదు. అబద్ధమైతే, ఆ పిలుపుని అంత సులువుగా ఇచ్చెయ్యగలిగేంత ఆ మనిషి దగ్గర ఉందన్నమాట. దానికి కూడా అసూయే కలిగింది.

ఆమె పిడికిలి విప్పి కవరు చాపింది. "తెగిపోయింది. కొత్త తాడు కొనుక్కొచ్చి కట్టు. నర్సమ్మ ఒప్పుకున్నాకే."

సూరమ్మ కవరు అందుకోకుండా నిలబడిపోయింది. "మీరు కట్టండమ్మగారూ."

"నాకు తెంపడమే వచ్చు," అంది వీరరాఘవమ్మ. "ముడి గట్టిగా వెయ్యి. ఈసారి నేను ముట్టుకోను."

క్రాంతి కళ్ళు తెరిచి అందరినీ గుర్తుపట్టి, చేపలు పోయాయా అని అడిగిన రోజున ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. ముఖం వాపు తగ్గింది. డిశ్చార్జి చేస్తామన్నారు. ఈలోగా మండవల్లి హైస్కూలు తెరుస్తున్నారనీ, అక్కడున్నవాళ్ళని ఖాళీ చెయ్యమన్నారనీ కోదండరామయ్య కబురు తెచ్చాడు. సూరమ్మ ఇల్లు మోకాటి లోతు నీళ్ళలోనే ఉంది.

ఆ పొద్దున్న వీరరాఘవమ్మ సూరమ్మని కుళాయి దగ్గరికి పిలిచి మాట్లాడింది. పక్కన ఎవరూ లేరు.

"నీళ్ళు తీసి, గోడలు ఆరేదాకా వస్తానండి," అంది సూరమ్మ. "ఆదివారం చర్చికి వెళ్తాను. తర్వాత నా ఇంటికి నేను పోతాను."

"ఉండిపొమ్మని నేనన్నానా?"

"అనలేదండి."

"మరి?"

సూరమ్మ కొంగుతో నవ్వు కప్పుకుంది. వీరరాఘవమ్మ నవ్వలేదు.

మంచం చుట్టూ అందరూ ఉన్నారు. పద్మప్రియ బట్టలు సంచిలో పెడుతోంది. చాందిని తండ్రికి చెప్పులు తొడుగుతోంది. కోదండరామయ్య బిల్లలన్నీ ఏ పూటవి ఆ పూటవిగా విడదీస్తున్నాడు. సూరమ్మ గుమ్మం దగ్గర, తన గుడ్డమూటతో నిలబడి ఉంది.

వీరరాఘవమ్మ బత్తాయి తొన ఒలుస్తూ, దాని మీంచి కళ్ళెత్తకుండా, రేపటి కూర ఏమిటో చెబుతున్నట్టు చెప్పింది. "సూరమ్మ మనతో గూడెం వస్తోంది. ముందు గది ఇస్తున్నాను. నేనడిగాను, ఒప్పుకుంది."

సంచిలో పద్మప్రియ చేతులు ఆగిపోయాయి. కోదండరామయ్య కళ్ళజోడు తీశాడు. చాందిని "నానమ్మా!" అంది గానీ, మిగతాది మింగేసింది.

"నిజంగానా అమ్మా?" అన్నాడు క్రాంతి. వాపు తగ్గిన ముఖంలో ఆ ఫోటోలోని నవ్వు విచ్చుకోబోయింది. అది గుమ్మం వైపు తిరగకముందే వీరరాఘవమ్మ బత్తాయి తొన అతని నోటికందించింది.

"వంట ఇద్దరం చేస్తాం," అంది. "నువ్వు ఎవరిది తింటావో తిను. కానీ ఇక మీదట దాచుకుని వద్దు. నా ఎదురుగా కూర్చుని తిను."